ఇల్లు డెవలప్‌మెంటుకిచ్చే ముందు ఇల్లాలిని అడిగారా?

తార్నాకలో ఏ వీధిలోకి తిరిగినా ఇప్పుడు రెండు రకాల ఇళ్లు కనిపిస్తాయి. ఒకటి, గేటు పక్కన గన్నేరు చెట్టు, షాబాదు బండల వసారా, మేడ మీదికి బయటి నుంచే మెట్లు ఉన్న పాతకాలపు ఇల్లు. రెండోది, కింద కార్లు, పైన నాలుగంతస్తులు, గేటు దగ్గర కుర్చీలో వాచ్‌మన్ ఉన్న అపార్ట్‌మెంటు. మొదటిది రెండోదిగా మారే మధ్యకాలంలో స్థలం చుట్టూ రేకులు కడతారు. ఆ రేకుల మీది బోర్డులో ఎన్ని ఫ్లాట్లో, ఒక్కొక్కటి ఎన్ని చదరపు అడుగులో, తూర్పు ముఖమో పడమర ముఖమో, బ్యాంకు లోను వస్తుందో రాదో అన్నీ రాసి ఉంటాయి. ఆ ఇంట్లో నలభై ఏళ్లు పొయ్యి వెలిగించిన మనిషిని ఈ సంగతి ఒక్కసారైనా అడిగారా అన్నది మాత్రం ఎక్కడా ఉండదు. బోర్డు మీద లేకపోతే పోనీ, కాగితాల మీదైనా ఆమె మాట ఉండొద్దా?

ఈ నేల ఒకనాడు ఒక స్త్రీది

మన పేటకి కాస్త చరిత్ర ఉంది. ఉస్మానియా యూనివర్సిటీ నిలబడి ఉన్న అడిక్‌మెట్ నేల ఒకప్పుడు మహ్ లఖా బాయి చందా జాగీరు అని చరిత్రకారులు చెబుతారు. 1768లో పుట్టి 1824లో కన్నుమూసిన ఆవిడ కవయిత్రి, గాయని, నర్తకి. నిజాము దర్బారులో మాట చెల్లిన మనిషి. మౌలాలిలో ఆవిడ సమాధి ఇప్పటికీ ఉంది. అంటే, రెండు వందల ఏళ్ల కిందట ఈ భూమి పత్రాల మీద ఒక ఆడమనిషి పేరు ఉండేదన్నమాట! ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ వద్దాం.

1917లో నిజాము ఫర్మానాతో ఏర్పడి, ఆ తరువాత ఆబిడ్స్‌లో తరగతులు మొదలుపెట్టిన యూనివర్సిటీకి శాశ్వత స్థలం కోసం వెతికినప్పుడు పాట్రిక్ గెడ్డెస్‌ని సలహా అడిగారు. ఊళ్లను బాగుచేయడమంటే కూలగొట్టడం కాదు, ఉన్న ఇళ్లని, చెట్లని, బావుల్ని వీలైనంత వరకు ఉంచి, అవసరమైన చోటే కత్తెర వేయడం అని మన దేశంలో ఊరూరా తిరిగి చెప్పిన మనిషి ఆయన. తరువాత బెల్జియం ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్ నమూనాలు గీశాడు. 1934లో శంకుస్థాపన జరిగిన ఆర్ట్స్ కాలేజీ భవనానికి 1939 డిసెంబరులో ప్రారంభోత్సవం అయింది. తార్ అంటే తీగ, నాకా అంటే చౌకీ. ఇక్కడ ముళ్లతీగ కట్టిన చౌకీ ఉండేదనీ, అదే తార్నాక అయిందనీ పెద్దవాళ్లు చెబుతారు.

చౌకీ చుట్టూ ఊరు పెరిగింది ఉద్యోగాలతో. అటు లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు అంతకుముందే ఉంది. ఇటు 1944లో మొదలై, మనం ఆర్.ఆర్.ఎల్. అని పిలుచుకున్న నేటి ఐ.ఐ.సి.టి. 1958లో కూనూరు నుంచి తరలి వచ్చిన పోషకాహార సంస్థ. అదే 1958లో మొదలై, నిన్నమొన్నటి దాకా సీఫెల్ అనీ ఇప్పుడు ఇఫ్లూ అనీ పిలుస్తున్న ఇంగ్లీషు భాషల సంస్థ. ఆ తరువాత హబ్సిగూడ దారిలో ఎన్.జి.ఆర్.ఐ., సి.సి.ఎం.బి. వీటిలో పనిచేసే లెక్చరర్లు, సైంటిస్టులు, గుమాస్తాలు, రైల్వే ఉద్యోగులు రెండు వందలు, మూడు వందల గజాల స్థలాలు కొనుక్కుని, పి.ఎఫ్. లోను తీసుకుని, ఒక్కో గదీ వేసుకుంటూ ఇళ్లు కట్టుకున్నారు. వీధులకి నంబర్లే పేర్లయ్యాయి.

ఆ ఇళ్ల పునాదుల్లో సిమెంటూ కంకరతో పాటు ఆడవాళ్ల గాజులు కూడా ఉన్నాయి. స్లాబు వేసే రోజు డబ్బు చాలక మార్వాడీ కొట్టుకి వెళ్లిన గొలుసుల కథ ఈ వీధుల్లో ప్రతి ఇంటికీ ఒకటుంటుంది. పగలంతా నిలబడి గోడలకి నీళ్లు పట్టింది ఆవిడే. మేస్త్రీతో వాదించింది ఆవిడే. కానీ రిజిస్ట్రేషన్ కాగితం మీద పేరు? ఎక్కువ ఇళ్లలో ఆయనదే. ఆయనకే లోను వచ్చింది కాబట్టి ఆయన పేరే. అప్పుడు అదేమీ తప్పుగా ఎవరికీ తోచలేదు. ఆవిడకీ తోచలేదు.

పాత ఇల్లు స్వర్గమేమీ కాదు

పాత ఇళ్లు పోతున్నాయని బాధపడుతూ రాసే వాళ్లు చాలామంది ఉన్నారు. పెరట్లో మామిడి చెట్టు, వెన్నెల్లో డాబా మీద పడక, గిలకబావి నీళ్ల తియ్యదనం అంటూ చక్కగానే రాస్తారు. చెట్టు నాకూ ఇష్టమే. కానీ మామిడి చెట్టు గురించి ఎక్కువ బెంగపడేది దాని ఆకులు ఊడవని వాళ్లేనని నా అనుమానం!

నిజం చెప్పుకుందాం. పాత ఇళ్లలో వంటిల్లు ఇంటికి ఆఖర్న, వెలుతురు లేని మూల ఉండేది. బాత్‌రూం పెరట్లో. సంపులోంచి పైకి మోటారు ఎక్కకపోతే బిందెలు మోసేది ఆడవాళ్లే. ఎండాకాలం స్లాబు పెనంలా కాలేది. పిల్లలు అమెరికా వెళ్లిపోయాక డెబ్భై దాటిన ఇద్దరు మనుషులు అంత ఇంట్లో రాత్రిపూట భయంభయంగా పడుకోవడం సుఖం ఎలా అవుతుంది? గోడ చెమ్మెక్కితే మేస్త్రీ దొరకడు. 2017 నవంబరులో నాగోలు, అమీర్‌పేట మధ్య మెట్రో మొదలై తార్నాకలో స్టేషను వచ్చాక గజం ధర చెప్పుకోలేనంత పెరిగింది. ఇలాంటప్పుడు ఇల్లు డెవలప్‌మెంటుకి ఇవ్వాలనుకోవడం తప్పని నేను అనను. లిఫ్టున్న ఇల్లు, పక్క ఫ్లాటులో పిలిస్తే పలికే మనిషి ఉన్న ఇల్లు ముసలితనంలో ఎంత ధైర్యమో నాకు తెలుసు.

నా అభ్యంతరం ఇల్లు మారడం మీద కాదు. ఆ మార్పు ఎవరి మాట మీద జరుగుతోందన్న దాని మీద.

హాల్లో ఎవరు, వంటింట్లో ఎవరు?

ఈ మాటలు జరిగే సాయంత్రం ఎలా ఉంటుందో మీరూ చూసే ఉంటారు. హాల్లో బిల్డరు, మధ్యవర్తి, ఇంటాయన, పెద్దల్లుడు కూర్చుంటారు. ఫోనులో వీడియో కాల్లో కొడుకు. ఫిఫ్టీ ఫిఫ్టీయా, ఇంకాస్త ఎక్కువ అడగాలా అని లెక్కలు. ఇంటావిడ ట్రేలో టీ పట్టుకొస్తుంది. "పిన్నిగారూ, ఇక మీకు శ్రమ ఉండదు, అన్నీ టైల్సే" అంటాడు మధ్యవర్తి. ఆవిడ నవ్వి వంటింట్లోకి వెళ్లిపోతుంది. అదే ఆవిడ అంగీకారం!

ఆ తరువాత ఏమవుతుంది? మా పక్క వీధిలో ఒక పెద్దావిడ సంగతి చెబుతాను. వాళ్ల ఇల్లు డెవలప్‌మెంటుకి ఇచ్చిన ఏడాదికే ఆయన పోయారు. భవనం పూర్తయ్యేసరికి వాళ్ల వాటాకి వచ్చిన ఫ్లాట్లు కొడుకులిద్దరి పేర్ల మీదా, ఒకటి అమ్మి అప్పులకీ సరిపోయాయి. కూతురికి చీర పెట్టి పంపారు. ఇక అమ్మ? "అమ్మకెందుకు వేరే ఫ్లాటు, మా ఇద్దరి దగ్గరా ఉంటుంది" అన్నారు. మూడు నెలలు రెండో అంతస్తు, మూడు నెలలు నాలుగో అంతస్తు. కొడుకులు చెడ్డవాళ్లేం కాదు, వేళకి మందులిస్తారు. కానీ తన మంచం ఎక్కడ వేయాలో అడగకుండా వేసుకునే హక్కు ఆవిడకి లేదు. ఒకసారి గుడి దగ్గర కలిసినప్పుడు, "మా ఇంట్లోనే చుట్టానయ్యానమ్మా" అంది. ఫిర్యాదులా కూడా అనలేదు.

ఇంకో నష్టం పైకి కనబడదు. తార్నాకలో పాత ఇళ్లన్నీ పోర్షన్ల ఇళ్లు. మేడ మీద గదిలో యూనివర్సిటీలో పిహెచ్.డి. చేసే కుర్రాళ్లో, పరీక్షలకి చదువుకునే నల్గొండ, వరంగల్, ఖమ్మం అమ్మాయిలో ఉండేవారు. ఆ అద్దె ఇంటాయన జీతంతో కలిసేది కాదు. నెల మొదట్లో ఇంటావిడ చేతికే వచ్చేది. ఉద్యోగం చేయని ఎందరో ఆడవాళ్లకి జీవితంలో సొంతం అని చెప్పుకోగలిగిన రాబడి అదొక్కటే. మనవడికి గొలుసు, పుట్టింటికి వెళితే చేతి ఖర్చు, పనిమనిషి కూతురికి ఫీజు అన్నీ అందులోంచే. ఇల్లు పడగొట్టిన రోజున ఆ పోర్షనూ పోయింది. కొత్త ఫ్లాట్ల మీద వచ్చే అద్దె నేరుగా అబ్బాయి బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఇది దొంగతనం కాదు. ఎవరూ ఆలోచించకపోవడం, అంతే.

పోయింది ఆవిడ రాబడే కాదు, ఆ అమ్మాయిల నీడ కూడా. కొత్త అపార్ట్‌మెంట్లలో "ఓన్లీ ఫ్యామిలీస్" అని గేటు మీదే రాస్తున్నారు. హాస్టల్ సీటు రాని పిల్ల గదికి నలుగురైదుగురున్న ప్రైవేటు హాస్టల్‌కి వెళ్లాల్సిందే. ఒకప్పుడు ఆ పిల్లకి జ్వరమొస్తే కింద ఇంటావిడ చారన్నం పంపేది.

చట్టం ఎంతవరకు వస్తుంది?

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి. ఇల్లు భర్త సొంత సంపాదనతో కొన్నదై, ఆయన పేరు మీదే ఉంటే, ఆయన బతికుండగా డెవలప్‌మెంటుకి ఇవ్వడానికి భార్య సంతకం చట్టప్రకారం అక్కర్లేదు. ఆయన వీలునామా రాయకుండా పోతే మాత్రం హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, ఆయన తల్లి బతికుంటే ఆవిడ, అందరికీ సమాన వాటాలు. పిత్రార్జితమైన ఆస్తిలో పెళ్లికాని ఆడపిల్లకి కొడుకుతో సమానంగా హక్కునిచ్చే సవరణ మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచే ఉంది. 2005లో దేశమంతటికీ, పెళ్లయిన కూతుళ్లకి కూడా వచ్చింది. తండ్రి 2005 నాటికి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో పనిలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి కూతురికి చీర పెట్టి పంపడం మర్యాదే కావచ్చు, వాటాకి మారు మాత్రం కాదు.

మరో సంగతి. రెరా చట్టం ఉందిగా, బిల్డరు మోసం చేయలేడులే అని చాలామంది ధీమా. 2016 నాటి ఆ చట్టంలో 500 చదరపు మీటర్లు మించని స్థలానికీ, ఎనిమిది ఫ్లాట్లు మించని కట్టడానికీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన వీధుల్లో స్థలాలు రెండు వందలు, మూడు వందల గజాలవి. మూడు వందల గజాలంటే దాదాపు 250 చదరపు మీటర్లే. అంటే మన ఇళ్లలో ఎక్కువ భాగం ఆ గొడుగు కిందికి రావు. మనల్ని కాపాడేది మనం రాసుకున్న అగ్రిమెంటు ఒక్కటే.

దాన్ని డెవలప్‌మెంటు అగ్రిమెంటు కమ్ జి.పి.ఎ. అంటారు. అంటే ఒప్పందంతో పాటు, మన తరఫున సంతకాలు పెట్టే అధికారం కూడా బిల్డరుకి ఇస్తున్నామన్నమాట. దాన్ని ఇంట్లో ఆడవాళ్లు చదవాలి. ఇంగ్లీషు రాకపోతే తెలుగులో చెప్పించుకుని వినాలి. ఏ అంతస్తులో ఏ ఫ్లాటు మనది? కట్టినంత కాలం బయట అద్దె ఎవరు కడతారు, ఆలస్యమైతే ఎవరు కడతారు? ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఎవరు తెస్తారు? డాబా మీద హక్కు ఎవరిది? ఇవన్నీ కాగితం మీద ఉండాలి. "మన మధ్య కాగితాలేంటండీ" అన్న మాట ఎవరన్నా సరే, అప్పుడే కాగితం అడగండి.

పిల్లల పేర రాసిచ్చేసే తల్లులకి ఒక మనవి. 2007లో వచ్చిన వృద్ధుల సంక్షేమ చట్టం ప్రకారం, మమ్మల్ని చూసుకోవాలి అన్న షరతు మీద ఇచ్చిన ఆస్తిని, వాళ్లు చూడకపోతే రద్దు చేయించుకోవచ్చు. కానీ ఆ షరతు దానపత్రంలో రాసి ఉండాలి. మనసులో ఉంటే చాలదు. లేదంటే జీవితాంతం ఆ ఫ్లాటులో ఉండే హక్కు, దాని అద్దె తీసుకునే హక్కు మీకే ఉంచుకుని రాయండి. ప్రేమ ఉన్న చోట కాగితం వల్ల ప్రేమేమీ తగ్గదు.

అంట్లు తోమేది ఎవరు?

మా ఇల్లు కూడా ఆరేళ్ల కిందట డెవలప్‌మెంటుకి ఇచ్చినదే. మా అత్తగారు చదివింది ఏడో తరగతి. ఆ సాయంత్రం ఆవిడ టీ ఇచ్చి లోపలికి వెళ్లలేదు. కళ్లజోడు తెచ్చుకుని ప్లాను ముందు కూర్చున్నారు. "అమ్మా, ప్లానంతా ఇంజనీరుగారు చూసుకుంటారు" అన్నాడు బిల్డరు. "బాబూ, ఇంజనీరుగారు అంట్లు తోముతారా?" అన్నారావిడ. హాలంతా నిశ్శబ్దం!

ఆవిడ పెట్టిన షరతులు మూడు. మా వాటాలో ఒక ఫ్లాటు అచ్చంగా తన పేరున రిజిస్టరు కావాలి. ప్రతి వంటింటికీ బయటికి తెరుచుకునే కిటికీ, పక్కనే అంట్లు తోముకోవడానికీ బట్టలు ఆరేసుకోవడానికీ జాగా ఉండాలి. కింద గేటు దగ్గర నలుగురు కూర్చునే అరుగు ఉండాలి. మామగారు మొదట ముఖం చిట్లించుకున్నారు గానీ కాదనలేదు. అడిగినవన్నీ అడిగినట్టే జరిగాయని చెప్పను. ఆరేసుకునే జాగా చీర మడతంత వెడల్పే వచ్చింది. ఫ్లాటు మాత్రం ఆవిడ పేరునే ఉంది. దాన్ని యూనివర్సిటీలో చదివే ముగ్గురు అమ్మాయిలకి అద్దెకిచ్చారు, మిగతా ఫ్లాట్ల వాళ్లు గొణిగినా సరే. అద్దె ఆవిడ ఖాతాలోనే పడుతుంది. నెల మొదట్లో ఆవిడ ముఖం చూడాలి మీరు!

వంటింటి ప్లాను ఆడవాళ్లని చూసి గీయాలన్నది మా అత్తగారు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కొత్త కాలనీలు కడుతూ వంటింటి నమూనా గీసే పని మార్గరెట్ షుట్టె లిహోట్స్కీ అనే మహిళా ఆర్కిటెక్టుకి అప్పగించింది. ఇల్లాలు పొయ్యి నుంచి తొట్టి దాకా ఎన్ని అడుగులు వేస్తుంది, ఏ పనికి ఎంతసేపు పడుతుంది అని లెక్కగట్టి గీసిందావిడ. దాదాపు 10,000 ఇళ్లలో అలాంటి వంటిళ్లే పెట్టారు. నూరేళ్ల కిందట అక్కడ లెక్కపెట్టిన అడుగుల్ని ఇక్కడ ఇప్పటికైనా లెక్కపెట్టకూడదా?

వీధి మీద కళ్లు

ఇక అరుగు సంగతి. న్యూయార్కులో జేన్ జేకబ్స్ అనే ఆవిడ ఉండేది. ఆర్కిటెక్టు కాదు, ముగ్గురు పిల్లల తల్లి, పత్రికల్లో రాసేది. పాత పేటల్ని పడగొట్టి రోడ్లూ పెద్ద పెద్ద భవనాలూ కడతామన్న వాళ్లని ఎదిరించింది. 1961లో ఆవిడ రాసిన పుస్తకం నగరాల గురించి ప్రపంచం ఆలోచించే తీరునే మార్చింది. వీధిని కాపాడేది ముఖ్యంగా పోలీసులు కాదు, కిటికీల్లోంచీ గుమ్మాల్లోంచీ దుకాణాల్లోంచీ వీధిని చూస్తూ ఉండే మామూలు జనం కళ్లు అన్నది ఆవిడ చెప్పిన ముఖ్యమైన మాట.

మన వసారాలు చేసింది సరిగ్గా ఆ పనే. కూర తరుగుతూ, బియ్యం ఏరుతూ కూర్చున్న ఇంటావిడ కళ్ల ముందు నుంచే ఆడపిల్లలు ట్యూషన్‌కి వెళ్లి వచ్చేవాళ్లు. ఇప్పుడు ఆ స్థానంలో కార్లున్నాయి. కార్లకి కళ్లు లేవు. సాయంత్రం ఏడు దాటాక మెట్రో దిగి వీధిలోకి నడిచే అమ్మాయికి రెండు వైపులా కనిపించేది స్టిల్టు చీకటి, మూసిన గేట్లు. సి.సి. కెమెరా జరిగినదాన్ని తరువాత చూపిస్తుంది. అరుగు మీది పిన్నిగారు "ఎవరయ్యా నువ్వు?" అని అప్పుడే అడుగుతుంది. అందుకే ఒక కారు నిలిపే చోటు తగ్గినా సరే, ప్రతి అపార్ట్‌మెంటుకీ వీధి వైపు ఒక అరుగూ, ఒక దీపమూ ఉండాలంటాను.

మన అదృష్టం, పక్కనే యూనివర్సిటీ ఉంది. ఆ చెట్ల కింద పొద్దున్నే నడిచే ఆడవాళ్లే ఇప్పుడు ఒకరికొకరు ఇరుగుపొరుగు. వీధిలో దొరకని మాటామంతీ అక్కడ దొరుకుతోంది. ఇల్లు మారే కబుర్లు కూడా ముందు అక్కడే వినిపిస్తాయి. అయితే ఆ నడకలో మోకాళ్ల నొప్పుల గురించీ, కోడళ్ల గురించీ మాట్లాడుకున్నంత ధైర్యంగా, "మీ ఇల్లు ఎవరి పేరున ఉంది?" అని ఒకరినొకరు అడిగారా ఎప్పుడైనా? అడగండి. అది గొంతెమ్మ కోరికా కాదు, కాపురం చెడగొట్టే మాటా కాదు.

మగవాళ్లకి నా మనవి చిన్నదే. మీ ఇంటికి బిల్డరు వచ్చిన రోజు ఇంట్లో ఆడవాళ్లకీ కుర్చీ వేయండి. టీ మీరు పెట్టండి. భార్యనీ, అమ్మనీ, పెళ్లయి వెళ్లిన కూతుర్నీ పిలిచి, వాళ్లు సరేనన్న తరువాతే సంతకం చేయండి. చట్టం అడగమనలేదు నిజమే. చట్టం చెప్పలేదు కదా అని మనం అన్నీ మానేశామా?

ఇక అమ్మలకీ, అక్కచెల్లెళ్లకీ. మహ్ లఖా బాయికి నిజాము జాగీరిచ్చాడు, మనకి ఎవరూ ఇవ్వరు. మన చెమటా, మన గాజులూ కలిసిన ఇంట్లో వెయ్యి చదరపు అడుగులు మన పేరున అడగడం దురాశ అవుతుందా, మీరే చెప్పండి!